బుల్లి స్టేషన్‌కి ఏ కప్పు? మోడల్ రైల్వే భవనాలకు షింగిల్స్ వేసే పద్ధతులు, ఏది ఎప్పుడు

మీ లేఅవుట్ ముందు, అంటే పట్టాలూ బుల్లి భవనాలూ పేర్చుకున్న బల్ల ముందు, ఒకసారి నిలబడి చూడండి. నిజం ఇంటి ముందు నిలబడితే మనకు కనిపించేది గోడ, తలుపు, కిటికీ. కప్పు చూడాలంటే తల ఎత్తాలి. మోడల్ రైల్వేలో అంతా తలకిందులు. ఎప్పుడూ పైనుంచే చూస్తాం. స్టేషనైనా, గూడ్స్ షెడ్డయినా, సిగ్నల్ క్యాబినైనా ముందు కంటికి తగిలేది కప్పే. అయినా చాలామంది కిటికీ చట్రాలకు రెండు వారాలు పెట్టి, కప్పు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి, చేతికి దొరికిన షీటు ఒకటి అతికించేస్తారు. అంత కష్టపడి చేసిన భవనం అక్కడ దెబ్బతినడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

షింగిల్స్ అంటే కప్పు మీద వరసలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచే పల్చటి పలకలు. వాటిని వేయడానికి దారులు చాలానే ఉన్నాయి. అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటు, ప్రింటు కాగితం, చేత్తో కోసుకునే కాగితపు పట్టీలు, లేజర్‌తో కోసిన పట్టీలు, ఒక్కొక్కటిగా అతికించే పలకలు, ఇప్పుడు కొత్తగా త్రీడీ ప్రింటు. వీటిలో అన్నిటికన్నా మంచిది ఏదని అడిగితే జవాబు ఉండదు. ఆ భవనం కంటికి ఎంత దూరంలో ఉంటుంది, మీ స్కేలులో ఒక పలక మందం ఎంత రావాలి అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే మాత్రం సగం గందరగోళం పోతుంది.

ముందు మందం లెక్క

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడతాయి.

దేవదారు చెక్కతో కోసిన మామూలు షింగిల్ 16 అంగుళాల పొడవు ఉంటుంది. పైన పల్చగా మొదలై కింది అంచు దగ్గర సుమారు 10 మి.మీ. మందానికి వస్తుంది. హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అన్నీ నిజం కొలతలో 87వ వంతు, కాబట్టి ఆ 10 మి.మీ. మన చేతిలో 0.12 మి.మీ. కిందికి దిగిపోతుంది. ప్రింటరులో పెట్టే 80 జీఎస్ఎం కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. అంటే హెచ్‌ఓలో చెక్క షింగిల్‌కి సరిపోయే సరుకు మీ బల్ల మీద ఇప్పటికే ఉంది.

తారు షింగిల్ ఇంకా పల్చన. సుమారు 3 మి.మీ. అనుకుంటే హెచ్‌ఓలో 0.035 మి.మీ., అంటే టిష్యూ కాగితం మందం. పలకరాయి 6 మి.మీ. అయితే 0.07 మి.మీ. ఓ స్కేలులో, 1:48 దగ్గర, చెక్క షింగిల్‌కి 0.2 మి.మీ. కావాలి, అది పల్చటి కార్డు మందం. ఎన్ స్కేలులో, 1:160 దగ్గర, అదే 0.06 మి.మీ. అయిపోతుంది, ట్రేసింగ్ కాగితం దగ్గరికి వస్తాం.

ఇప్పుడు ప్లాస్టిక్ షీటు తీసుకుని అంచు కొలవండి. ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య మెట్టు 0.3 మి.మీ. ఉందనుకోండి. హెచ్‌ఓలో దాని అసలు మందం 26 మి.మీ. అంగుళం మందం ఉన్న తారు షింగిల్ ఎక్కడా ఉండదు. పక్కనుంచి వెలుతురు పడినప్పుడు ఆ మెట్టు కింద బొద్దు నీడ పడి, కప్పు చపాతీలు పేర్చినట్టు కనిపిస్తుంది. కొలతలు తెలియనివాళ్లు కూడా "ఏదో బొమ్మలా ఉందే" అనేది అందుకే.

వరస ఎత్తు కూడా ఇలాగే చూసుకోవాలి. 16 అంగుళాల చెక్క షింగిల్‌లో బయటికి కనిపించేది 5 అంగుళాలే, మిగతాది పై వరసల కిందికి పోతుంది. 18 అంగుళాలదైతే ఐదున్నర, 24 అంగుళాలదైతే ఏడున్నర. మూడు ట్యాబ్‌ల (చీలికల మధ్య విడి పలకల్లా కనిపించే భాగాల) తారు షింగిల్ 36 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులోనూ కనిపించేది 5 అంగుళాలే, ఒక్కో ట్యాబ్ 12 అంగుళాలు. 5 అంగుళాలు హెచ్‌ఓలో దాదాపు 1.5 మి.మీ., ఓలో 2.6, ఎన్‌లో 0.8. 12 అంగుళాల ట్యాబ్ హెచ్‌ఓలో 3.5 మి.మీ. వస్తుంది. హెచ్‌ఓలో చాలామంది పని సులువు కోసం వరసను 2 మి.మీ. చేస్తారు. తప్పేమీ లేదు, అది ఏడు అంగుళాలకు కాస్త తక్కువ, పొడుగు చెక్క షింగిల్‌కి సరిపోయే కొలతే. 3 మి.మీ. దాటితే మాత్రం భవనం మొత్తం చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది.

ఎన్ని పలకలు?

30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న ఒక మామూలు స్టేషన్ తీసుకుందాం. చూరు బయటికి వచ్చేది కూడా కలుపుకుంటే హెచ్‌ఓలో ఒక్కో వాలు సుమారు 150 మి.మీ. పొడవు, 65 మి.మీ. ఎత్తు. 1.5 మి.మీ. చొప్పున వాలుకి 43 వరసలు. ఒక్కో వరసలో 3.5 మి.మీ. ట్యాబ్‌లు మళ్లీ 43. రెండు వాలులకూ కలిపి 3,700 దాకా వస్తాయి. చెక్క షింగిల్స్ సగటున 6 అంగుళాల వెడల్పు అనుకుంటే దానికి రెట్టింపు.

ఒక్కో పలకకి పది సెకన్లు పట్టినా, తారు షింగిల్స్‌కి పది గంటలు, చెక్కవాటికి ఇరవై గంటలు. అదే పని 86 పట్టీలతో చేస్తే, పట్టీకి నిమిషంన్నర వేసుకున్నా రెండు గంటలు, కోతకి ఇంకో రెండు. ఇంకో సంగతి, స్కేలు చిన్నదైతే పలకలు తగ్గుతాయనుకుంటారు కొందరు. తగ్గవు. భవనం అదే కాబట్టి ఎన్‌లోనూ అన్నే పలకలు, చేతికి దొరకనంత చిన్నవి.

ప్రింటు కాగితం

షింగిల్ బొమ్మ ప్రింటు తీసి కప్పుకి అతికించడం. అన్నిటికన్నా తొందరగా అయ్యేది ఇదే. రంగులు, మరకలు, పాతదనం అన్నీ బొమ్మలోనే వచ్చేస్తాయి. లోపం ఒక్కటే, మెట్టు లేదు కాబట్టి నీడ లేదు. ఎన్ స్కేలులో, లేదా హెచ్‌ఓలో మీటరు అవతల వెనక వరసలో ఉన్న భవనాలకు ఇది చక్కగా సరిపోతుంది. ముందు వరసకి వద్దు. ఫోను కెమెరా దగ్గరగా పెట్టి ఫొటో తీసిన రోజు అసలు రంగు బయటపడుతుంది.

ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపడేలా" అన్న సెట్టింగ్ తీసేయండి. లేకపోతే బొమ్మ చెప్పకుండానే చిన్నదై కొలత పోతుంది. ఇంక్‌జెట్ రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి పైన మ్యాట్ వార్నిష్ ఒక పూత తప్పనిసరి.

దీన్ని ఇంకోలా కూడా వాడొచ్చు, నాకు బాగా నచ్చిన పని ఇది. ఆ ప్రింటునే వరస వరసగా పట్టీలు కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అతికించండి. రంగు ప్రింటుది, మెట్టు కాగితానిది. పలకరాయి కప్పుకి ఇంతకన్నా తక్కువ శ్రమలో ఇంత మంచి ఫలితం నేను చూడలేదు. కోసిన తెల్ల అంచుకి మాత్రం బూడిద రంగు పెన్ను రాయాలి, లేకపోతే ప్రతి వరస కింద దారం పరిచినట్టు ఉంటుంది.

అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటు

దీని బలం గట్టిదనం. వంగదు, తేమకి ఉబ్బదు, ప్లాస్టిక్ జిగురుతో రెండు నిమిషాల్లో అతుక్కుంటుంది, రంగు బాగా పడుతుంది. పెద్ద ఫ్యాక్టరీ, లోకో షెడ్డు లాంటివాటికి ఒక సాయంత్రంలో కప్పు పూర్తవుతుంది. పిల్లలు చేతులు వేసే లేఅవుట్ అయితే నేను ఇంకోటి సూచించను.

ఇబ్బందులు మూడు. మెట్టు మందం గురించి పైన చెప్పాను. రెండోది అతుకు. షీటు కన్నా కప్పు పెద్దదైతే నిలువునా ఒక గీత పడుతుంది, పుట్టీ పెట్టి ఎంత సాపు చేసినా వరసల మధ్య అది కనబడుతూనే ఉంటుంది. ఆ అతుకు పొగగొట్టం వెనక్కి గానీ, రెండు కప్పులు కలిసే చోటికి గానీ వచ్చేలా ముందే చూసుకోండి. మూడోది చూరు అంచు. షీటు మందమంతా అక్కడ బయటపడుతుంది, కింది వైపు నుంచి ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తే తప్ప లోపం పోదు. ఈ ఒక్క పని చేసిన ప్లాస్టిక్ కప్పుకీ, చేయనిదానికీ ఎంత తేడా ఉంటుందో పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కొనేముందు షీటు మీద ఉన్న స్కేలు పేరు నమ్మి ఊరుకోకుండా వరసల ఎత్తు కొలవండి. 1:76కి చేసిన షీటు 1:87 భవనం మీద వేస్తే వరసలు పెద్దవిగా పడతాయి. గూన పెంకు లాంటి మందపాటి కప్పులకు ఆ తేడా పెద్దగా తెలియదు. నిజానికి పెంకులకు ప్లాస్టిక్ షీటే సరైనది. పెంకు మందంగా, ఒంపులు తిరిగి, అన్నీ ఒకేలా ఉంటుంది, కాగితంతో అది రాదు.

కాగితపు పట్టీలు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే. హెచ్‌ఓలో ముందు, మధ్య వరసల భవనాల్లో ఎక్కువ భాగానికి ఇదే సలహా ఇస్తాను. మందం సరిగ్గా కుదురుతుంది, వరస ఎత్తు మన చేతిలో ఉంటుంది, ఏ ఆకారం కప్పుకైనా కోసుకోవచ్చు. చేతి పనిలో వచ్చే చిన్న చిన్న తేడాలు నిజం కప్పులో ఉండే తేడాల్లాగే ఉంటాయి.

పట్టీ వెడల్పు హెచ్‌ఓకి 3.5 నుంచి 4 మి.మీ. చాలు. కింద సగం దువ్వెన పళ్లలా నిలువుగా చీల్చాలి, పై సగం వదిలేయాలి. కంప్యూటరులో గీతల గడి ఒకటి తయారు చేసి కాగితం వెనక వైపు ప్రింటు తీసుకుంటే, ఆ గీతల వెంట కత్తి నడపడమే. ముందు నిలువు చీలికలన్నీ అయ్యాక, చివరలో అడ్డంగా పట్టీలు విడదీయండి. పట్టీలు ముందే విడదీసి తర్వాత చీల్చబోతే ఒక్కొక్కటీ కత్తితోపాటు జరిగిపోయి విసుగు తెప్పిస్తుంది. కాగితం కోసే కంప్యూటర్ మెషీను ఉంటే ఈ పనంతా అదే చూసుకుంటుంది.

తారు షింగిల్స్‌కి చీలికలు సమాన దూరంలో ఉండాలి, ప్రతి రెండో వరస సగం ట్యాబ్ పక్కకి జరగాలి. చెక్క షింగిల్స్‌కి ఈ నియమం పూర్తిగా తిరగబడుతుంది. నిజం చెక్క పలకలు మూడు అంగుళాల నుంచి అడుగు దాకా ఏ వెడల్పైనా ఉంటాయి, కాబట్టి ఎక్కడ బడితే అక్కడ చీల్చండి. చూసుకోవాల్సింది ఒక్కటే, కింది వరస చీలిక మీద పై వరస చీలిక సరిగ్గా నిలబడకూడదు. నిజం కప్పులో అలా ఉంటే వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

ఒక వరస వేయడం దగ్గరగా చూద్దాం. చూరు అంచు వెంట ముందు చీలికలు లేని పట్టీ ఒకటి అతికించండి. ఇది ఎవరికీ కనిపించదు, కానీ మొదటి వరసకి కింద ఆసరా ఇస్తుంది. ఇది లేకపోతే మొదటి వరస బల్లపరుపుగా పడుకుని, మిగతా వరసలు మాత్రం కొంచెం లేచి, చూరు దగ్గర తేడా తెలుస్తుంది. దాని మీద మొదటి చీలికల పట్టీ, అంచు నుంచి వెంట్రుకవాసి బయటికి. తర్వాతి పట్టీ పట్టుకారుతో ఒక చివర పట్టుకుని, కప్పు మీద వరసకొకటి చొప్పున ముందే గీసుకున్న పెన్సిలు గీతకి పై అంచు ఆనించి, ఇంకో చివర వేలితో నెమ్మదిగా దించండి. వేలి కొనతో ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నొక్కితే చాలు. జిగురు పై సగానికే. కింది చీలికల మీద పడితే పళ్లు అతుక్కుపోయి, ఇంత శ్రమపడి తెచ్చుకున్న మెట్టే పోతుంది.

పెన్సిలు గీతలు వద్దు, కంటితో చూసుకుంటాను అనుకోవద్దు. ఒక చివర వరసకి 0.1 మి.మీ. పెరిగితే 43 వరసలయ్యేసరికి 4 మి.మీ. పైగా తేడా వస్తుంది. పైన రెండు వాలులూ కలిసే చోట ఒక వైపు రెండు మూడు వరసలు మిగిలిపోతాయి, అప్పుడు చేసేదేమీ ఉండదు. గ్రాఫ్ కాగితం కప్పు మీద అతికించుకుని దాని మీద పని చేస్తే ఈ టెన్షన్ లేదు.

వెనక వరస భవనాలకు చీలికలు మానేసి ఉత్త పట్టీలే వేయొచ్చు. మీటరు దూరం నుంచి కంటికి అడ్డ గీతలు తెలుస్తాయి, వెంట్రుకంత నిలువు చీలికలు తెలియవు. కోత పని అంతా మిగిలిపోతుంది. కావాలంటే ఎండాక సన్నని పెన్సిలుతో అక్కడక్కడ నిలువు గీతలు పెట్టండి.

లేజర్ పట్టీలు

పని మీరు చేసిన కాగితపు పట్టీల పనే, కోత మాత్రం మెషీనుది. వెనక జిగురు కూడా ఉండేవి చాలా దొరుకుతాయి. వీటికి ముందు తరంలో కాంప్‌బెల్ కంపెనీ తడి చేసి అతికించే కాగితపు షింగిల్ చుట్టలు ఎన్నో లేఅవుట్ల మీద కనిపించేవి. ఆ తడి జిగురు చుట్టలు ఇప్పటికీ వాడేవాళ్లున్నారు, మంచి సరుకే.

లేజర్ పట్టీల్లో చీలికలు కచ్చితంగా ఉంటాయి, చీలిక దగ్గర కాస్త పదార్థం కాలిపోయి నిజంగానే సందు ఏర్పడుతుంది, అందువల్ల ట్యాబ్‌లు స్పష్టంగా విడిగా కనిపిస్తాయి. కాలిన గోధుమ రంగు అంచు చెక్క కప్పుకి నీడలా కలిసొస్తుంది, బూడిద రంగు పలకరాయికి మాత్రం మరకలా ఉంటుంది. కాబట్టి రాయి కప్పుకి వాడితే తప్పకుండా పైన రంగు వేయాలి.

వెనక ఉన్న జిగురును నేను పూర్తిగా నమ్మను. దుమ్ము చేతులతో పట్టుకున్నా, కింద రంగు పొడిపొడిగా ఉన్నా కొన్నాళ్లకి చివర్లు లేస్తాయి. కప్పు అంచుల దగ్గర ప్రతి పట్టీ చివరకీ సూది మొనంత తెల్ల జిగురు పెడితే ఆ భయం పోతుంది. ముందు వరసలో, అందరూ వంగి చూసే ఒకటి రెండు భవనాలకు, కోతకి ఓపిక లేనివాళ్లు ఇవే తీసుకోవాలి. ఎన్ స్కేలులో ట్యాబ్‌లు కావాలంటే దాదాపు ఇదొక్కటే దారి, 0.8 మి.మీ. వరసలు చేత్తో కోయడం అయ్యే పని కాదు.

ఒక్కొక్కటిగా

చెక్క పొరలు, రందా పట్టినప్పుడు రాలే పల్చటి తునకలు, రంగు వేసిన కాగితం ముక్కలు. ఇరవై గంటల పని అని ముందే లెక్క చూశాం. అంత విలువ ఎప్పుడు ఉంటుందంటే, పాడుబడిన భవనానికి. సగం పలకలు ఊడిపోయి, కింద పట్టీ చెక్కలు కనబడుతూ, కొన్ని జారి చూరు మీద వేలాడుతూ ఉన్న పాత షెడ్డుని పట్టీలతో చేయలేం. ఓ స్కేలులోనూ, ఇంకా పెద్ద స్కేళ్లలోనూ పలక చేతికి దొరికేంత ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి సహజం.

మధ్యే మార్గం ఒకటుంది. కప్పంతా పట్టీలతో వేసి, ఒక మూల రెండు చదరపు అంగుళాలు మాత్రం విడి పలకలు వేయండి. అక్కడ రెండు ఊడిపోయినట్టు, ఒకటి వంకరగా, నాలుగు కొత్తగా మార్చినట్టు రంగు తేడాతో. చూసేవాళ్ల కన్ను ఆ మూలకి పోయి, మిగతా కప్పంతా అలాగే చేశారనుకుంటుంది.

గరుకు కాగితం, త్రీడీ ప్రింటు

తారు షింగిల్ మీద రాతి పొడి ఉంటుంది కదా అని గరుకు కాగితం కోసి వేయమని చాలామంది చెప్తారు. లెక్క వేస్తే ఇది నిలబడదు. ఆ రాతి గింజ సుమారు 1 మి.మీ., హెచ్‌ఓలో 0.011. 400 నంబరు గరుకు కాగితం గింజ 0.035 మి.మీ., అంటే అసలు కొలతలో 3 మి.మీ. కంకర. దగ్గరికి రావాలంటే 2000 నంబరు కావాలి, దాని గరుకు వేలికే సరిగ్గా తెలియదు. మామూలు కాగితం పైన మ్యాట్ రంగు వేస్తే వచ్చే గరుకే సరిపోతుంది. పైగా గరుకు కాగితం మామూలు కాగితం కన్నా మందం, కత్తి పదును ఒక్క షీటుకే పోతుంది. గరుకు కాగితానికి సరైన చోటు వేరే ఉంది. తారు పోసి కంకర చల్లిన బల్లపరుపు కప్పుకి అది అచ్చు గుద్దినట్టు ఉంటుంది.

త్రీడీ ప్రింటులో ద్రవ రెసిన్ మెషీన్లు 0.05 మి.మీ. పొరలతో చేస్తాయి, హెచ్‌ఓ చెక్క షింగిల్ అంటే రెండు పొరలు. బాగానే వస్తుంది, కానీ వాలుగా ప్రింటు చేస్తే పొరల గీతలు షింగిల్ వరసలతో కలిసిపోయి గందరగోళం చేస్తాయి, పల్చటి పెద్ద పలక వంగుతుంది కూడా. తీగ కరిగించి పోసే మెషీను 0.2 మి.మీ. పొరలతో ఈ పనికి మొరటు. గోపురం, గుండ్రటి బురుజు లాంటి వంపు కప్పులకైతే రెసిన్ ప్రింటు నిజంగా ఉపయోగం, అక్కడ పట్టీలు వంచి కోయడం నరకం.

కాలం, వాలు

పద్ధతి ఎంచుకునే ముందు ఏ షింగిల్ అన్నది తేల్చుకోండి. తారు చుట్టలను పలకలుగా కోసి కప్పు మీద వేయడం 1903లో, అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో హెన్రీ రేనాల్డ్స్ అనే కప్పుల కాంట్రాక్టరు మొదలుపెట్టాడు. ఆస్‌బెస్టాస్ సిమెంటు పలకల తయారీకి ఆస్ట్రియాలో లుడ్విగ్ హాచెక్ పేటెంటు 1901 నాటిది. మీ లేఅవుట్ 1890 నాటి కథ చెప్తుంటే అక్కడ తారు షింగిల్స్ గానీ, ఆస్‌బెస్టాస్ పలకలు గానీ ఉండకూడదు.

వాలు కూడా. 12 అడుగులు అడ్డంగా వెళ్తే కనీసం 4 అడుగులు లేచే కప్పు మీదే మామూలుగా తారు షింగిల్స్ వేస్తారు, చెక్కవాటికి 3 అడుగులు. అంతకన్నా చదునుగా ఉన్న పక్క షెడ్డుకి తారు చుట్టలు వేయండి. అవి 36 అంగుళాల వెడల్పు, హెచ్‌ఓలో పదిన్నర మి.మీ. కాగితపు పట్టీలు. అరగంటలో అయిపోతుంది, నిజంగానూ అలాగే ఉంటుంది.

అడుగు పలక, జిగురు

నేను మొదట వేసిన స్టేషన్ కప్పు పల్చటి అట్ట మీద. కాగితపు పట్టీలు తెల్ల జిగురుతో అతికించి, రాత్రి బల్ల మీద వదిలేసి పడుకున్నాను. పొద్దున చూస్తే కప్పు గిన్నెలా వంగి ఉంది. జిగురులోని నీళ్లు ఎండేటప్పుడు ఒకే వైపు లాగేస్తాయి. అప్పటినుంచి అడుగున 1 మి.మీ. ప్లాస్టిక్ పలక గానీ, 2 మి.మీ. గట్టి అట్ట గానీ వేసి, లోపల అడ్డ పట్టీలు పెడుతున్నాను. అట్ట అయితే లోపలి వైపు కూడా ఒక జిగురు పూత పూయాలి, అప్పుడు రెండు వైపులా సమానంగా లాగుతుంది.

నున్నటి ప్లాస్టిక్ మీద ఫెవికాల్ రకం తెల్ల జిగురు సరిగ్గా పట్టదు, ముందు గరుకు కాగితంతో రుద్దాలి. లేదంటే కప్పంతా రెండువైపులా అంటుకునే వెడల్పాటి టేపు పరిచి, దాని మీద పొడి పట్టీలు వేయండి. పై సగం టేపుకి అంటుకుంటుంది, కింది పళ్లు స్వేచ్ఛగా ఉంటాయి, వంగే భయం అసలు లేదు. ఒకసారి పడిన పట్టీ మళ్లీ జరపలేరన్నది ఒక్కటే ఇబ్బంది. చెయ్యి కుదిరినవాళ్లకి ఇదే సులువు.

రంగు

కాగితానికి ముందే రంగు వేసి కోస్తే అంచులు తెల్లగా మిగులుతాయి. రంగు కాగితం వాడటమో, అతికించాక వేయడమో మేలు. ఒకే రంగు వేయకండి. దగ్గర దగ్గరగా ఉండే మూడు ఛాయలు కలుపుకుని, పదిలో ఒక ట్యాబ్‌కి వేరే ఛాయ తాకించండి. తారు కప్పుకి నల్ల రంగు వద్దు, ఎండకి వెలిసిన ముదురు బూడిద కావాలి. పాత చెక్కకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నాలుగు చుక్కల నల్ల ఇంకు కలిపి పూస్తే వెండి బూడిద రంగు వస్తుంది. నీళ్ల కన్నా ఆల్కహాల్ త్వరగా ఆరిపోతుంది, కాగితం అంతగా ఉబ్బదు. చివర్లో దాదాపు ఎండిపోయిన కుంచెతో లేత రంగు పైనుంచి కిందికి తుడిస్తే ప్రతి మెట్టు అంచూ మెరిసి లేస్తుంది. ప్లాస్టిక్ కప్పుకి ఈ తుడుపు తేలిగ్గా వేయండి, ఎక్కువైతే అసలే బొద్దుగా ఉన్న మెట్లు ఇంకా బొద్దుగా కనిపిస్తాయి.

మీ చేతిలో ఏముంటే ఏది

హెచ్‌ఓలో ముందు వరస స్టేషన్, కొంచెం తీరిక ఉంది అంటే కాగితపు పట్టీలు. తీరిక లేదు అంటే లేజర్ పట్టీలు. వెనక వరసకి చీలికలు లేని పట్టీలు లేదా ప్రింటు. పెంకులకు, పెద్ద ఫ్యాక్టరీలకు, చేతులు పడే చోట్లకు ప్లాస్టిక్ షీటు. ఎన్‌లో ప్రింటు కాగితం, మరీ దగ్గరగా చూసే ఒక్క భవనానికి లేజర్. ఓలో పల్చటి కార్డు పట్టీలు, ఇష్టపడితే విడి పలకలు. ఏది ఎంచుకున్నా ఒకే లేఅవుట్ మీద పక్కపక్క భవనాలకు రెండు వేర్వేరు పద్ధతులు ఆనించి పెట్టకండి. సన్నటి కాగితపు మెట్టు పక్కన ప్లాస్టిక్ మెట్టు వచ్చిందంటే రెండూ దెబ్బతింటాయి.

మీకు నమ్మకం కుదరకపోతే 50 మి.మీ. చదరం అట్ట ముక్కలు మూడు తీసుకుని, మూడు పద్ధతులూ వేసి, రంగు కూడా వేసి, లేఅవుట్‌లో ఆ భవనం నిలబడే చోటే పెట్టి, మీరు మామూలుగా నిలబడే దూరం నుంచి, అక్కడి దీపాల వెలుతురులోనే చూడండి. పని బల్ల మీద కిందికి వంచిన దీపం కింద చూసి నిర్ణయించకండి, ఆ వెలుతురులో ఏదైనా బాగుంటుంది.

ఏ పద్ధతికైనా రెండు వాలులూ పైన కలిసే వెన్ను దగ్గర పని మాత్రం ఒకటే, దాన్ని ఎగ్గొట్టకండి. రెండు వాలులూ పూర్తయ్యాక 3.5 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. పొడవు ముక్కలు కోసి, మధ్యకి మడిచి, ఒక చివర నుంచి ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా వేసుకుంటూ పోవాలి. 150 మి.మీ. కప్పుకి అరవై ముక్కలు పడతాయి. మడిచే ముందు వెనక వైపు మొండి కత్తితో ఒక గీత గీస్తే మడత తిన్నగా వస్తుంది, కాగితం పగలదు. చివరి ముక్క కింద జిగురు కాస్త ఎక్కువ పెట్టండి, భవనం ఎత్తినప్పుడల్లా వేలు తగిలేది అక్కడే.